ఇంటి కంప్యూటర్‌కు యాంటీవైరస్ కొనాలా? కొంటే ఏది?

మీ ప్రశ్నలో నాకు అర్థమైంది ఇది. ఇంట్లో రెండు కంప్యూటర్లు ఉన్నాయి. ఒకటి విండోస్ 11 ల్యాప్‌టాప్. దాని మీద నాన్నగారు బ్యాంకు, పెన్షన్ పనులు చూసుకుంటారు, ఇంజనీరింగ్ చదివే మీ తమ్ముడు ప్రాజెక్టులు చేసుకుంటాడు, గేమ్స్ ఆడతాడు. రెండోది విండోస్ 10 ఉన్న పాత డెస్క్‌టాప్. ఇంటి ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి. ల్యాప్‌టాప్‌తో వచ్చిన యాంటీవైరస్ ట్రయల్ అయిపోయి రోజూ ఎర్ర హెచ్చరికలు చూపిస్తోంది. సర్వీస్ షాపతను మూడేళ్ళ ప్యాక్ వేస్తానంటున్నాడు. కొనాలా, ఉచితంది చాలా, కొంటే ఏ కంపెనీ అని అడిగారు.

ముందు సూటిగా చెప్తాను. ల్యాప్‌టాప్‌కు ఏమీ కొనకండి. గడువు తీరిన ట్రయల్‌ను తీసేసి, విండోస్‌తో పాటే ఉచితంగా వచ్చే డిఫెండర్ అనే యాంటీవైరస్‌ను సరిగ్గా సెట్ చేసుకోండి. ప్యాక్‌కు పెట్టాలనుకున్న డబ్బుకు ఇంకొంత కలిపి ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కొనండి. డెస్క్‌టాప్ సంగతి వేరు, దానికున్న సమస్య ఏ యాంటీవైరస్‌తోనూ తీరేది కాదు. దాని గురించి చివర్లో రాస్తాను.

ఎందుకిలా అంటున్నానో వివరంగా చెప్పాలి. ఇళ్ళకూ చిన్న ఆఫీసులకూ కంప్యూటర్లు బాగుచేసే పని చాలా ఏళ్ళుగా చేస్తున్నాను. వైరస్ పట్టిన కంప్యూటర్లు నా దగ్గరకు వచ్చినప్పుడు వాటిలో యాంటీవైరస్ లేకపోవడం అరుదు. దాదాపు ప్రతిదాంట్లో ఏదో ఒకటి ఉంటుంది. ఉండి కూడా ఎందుకు ఆపలేదు అన్నదే అసలు ప్రశ్న.

ట్రయల్ సంగతి ముందు తేల్చేద్దాం, అది ఈ రోజే చెయ్యాల్సిన పని. విండోస్‌లో వేరే కంపెనీ యాంటీవైరస్ ఉంటే డిఫెండర్ తనంతట తాను పక్కకు తప్పుకుంటుంది. ఒకే ఫైల్‌ను రెండు ప్రోగ్రాములు పట్టుకుని పీకులాడుకుంటే కంప్యూటర్ నత్తలా నడుస్తుంది కాబట్టి అలా పెట్టారు. చిక్కేమిటంటే, బయటి ప్రోగ్రామ్ గడువు తీరిపోయి కూడా అక్కడే కూర్చుని ఉంటే, దానికి కొత్త అప్‌డేట్లు రావు, డిఫెండరూ పూర్తి బాధ్యత తీసుకోకపోవచ్చు. మీ ల్యాప్‌టాప్ ఇప్పుడు అలాంటి స్థితిలో ఉండే అవకాశం ఉంది. సెట్టింగ్స్‌లో యాప్స్‌లోకి వెళ్ళి దాన్ని అన్‌ఇన్‌స్టాల్ చెయ్యండి. ఒక్కోసారి ముక్కలు మిగిలిపోతాయి. అందుకే పెద్ద కంపెనీలు తమ ప్రోగ్రామ్‌ను పూర్తిగా తుడిచేసే రిమూవల్ టూల్‌ను తమ వెబ్‌సైట్‌లోనే ఉచితంగా ఇస్తాయి. అది కూడా ఒకసారి నడిపి, రీస్టార్ట్ చేసి, స్టార్ట్ మెనూలో ‘విండోస్ సెక్యూరిటీ’ తెరవండి. ‘వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్’ దగ్గర పచ్చ టిక్కు కనిపిస్తే డిఫెండర్ పనిలోకి దిగినట్టే.

డిఫెండర్ మీద చాలామందికి ఇంకా చిన్నచూపు ఉంది. అది పాత రోజుల నుంచి వచ్చింది. మైక్రోసాఫ్ట్ 2009లో సెక్యూరిటీ ఎసెన్షియల్స్ అని ఉచిత యాంటీవైరస్ ఇచ్చింది. 2012లో విండోస్ 8తో దాన్నే డిఫెండర్ పేరుతో విండోస్‌లో కలిపేసింది. మొదట్లో పరీక్షల్లో వెనకబడే ఉండేది, అప్పట్లో కొనుక్కోమని చెప్పినవాళ్ళు తప్పు చెప్పలేదు. ఇప్పుడు పరిస్థితి మారింది. జర్మనీలోని మాగ్దెబర్గ్‌లో ఏవీ-టెస్ట్ అనే సంస్థ ఉంది. అది రక్షణకు 6, కంప్యూటర్ వేగం మీద పడే భారానికి 6, మంచి ఫైళ్ళను అనవసరంగా పట్టుకోకుండా ఉండడానికి 6, మొత్తం 18 మార్కులకు పరీక్ష పెడుతుంది. డిఫెండర్ అందులో చాలాసార్లు 18కి 18 తెచ్చుకుంది. ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌లో ఉన్న ఏవీ-కంపారటివ్స్ ఇంకొంచెం లోతుగా చూస్తుంది. దాని ఫలితాలు ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. యూట్యూబ్‌లో ‘టాప్ 10 యాంటీవైరస్’ వీడియోలు చూసే బదులు ఈ రెండు చోట్లా ఓ పది నిమిషాలు గడపండి. ఆ వీడియోల్లో, జాబితాల్లో చాలావాటి కింద ఉండే లింకుతో మీరు కొంటే చేసినవాళ్ళకు కమీషన్ వస్తుంది.

డిఫెండర్‌కు ఒక బలహీనత ఉంది, దాన్ని దాచను. అది తన బుద్ధిలో చాలా భాగం క్లౌడ్ మీద పెట్టుకుంది. ఇంటర్నెట్ ఉన్నప్పుడు అనుమానం వచ్చిన ఫైల్ గురించి మైక్రోసాఫ్ట్ సర్వర్లను అడిగి క్షణాల్లో తేల్చుకుంటుంది. నెట్ లేనప్పుడు మాత్రం పట్టుకునే శక్తి తగ్గుతుంది. ఏవీ-కంపారటివ్స్ నెట్ ఉన్నప్పుడు ఎంత, లేనప్పుడు ఎంత అని విడివిడిగా లెక్క ఇస్తుంది, అక్కడ ఈ తేడా కనిపిస్తుంది. మీ ఇంట్లో ఎప్పుడూ వైఫై ఉంటుంది కాబట్టి మీకిది పెద్ద విషయం కాదు. అదే డీటీపీ సెంటర్‌లో నెట్ లేకుండా నడిచే కంప్యూటర్ అయితే, రోజంతా ఎవరెవరి పెన్ డ్రైవ్‌లో వచ్చి గుచ్చుతుంటే, నేను వేరే సలహా ఇస్తాను. అక్కడ నెట్ లేకపోయినా బాగా పట్టుకునే ప్రోగ్రామ్‌ను డబ్బు పెట్టి కొనడం న్యాయమే.

ఇక అసలు విషయం, వైరస్ ఇంట్లోకి ఎలా వస్తుందన్నది. మీ తమ్ముడి దగ్గర కూర్చుని ఈ భాగం ఇద్దరూ కలిసి చదవండి.

మన దగ్గర ఇంటి కంప్యూటర్లు పాడయ్యే పెద్ద దారి క్రాక్ సాఫ్ట్‌వేర్. ఫొటోషాప్, ఆటోక్యాడ్, గేమ్, లేదా విండోస్‌ను ఉచితంగా యాక్టివేట్ చేసే చిన్న ప్రోగ్రామ్. వెతగ్గానే ‘ఫ్రీ ఫుల్ వెర్షన్’ అని ఒక సైట్ వస్తుంది, లేదా యూట్యూబ్ వీడియో కింద లింకు ఉంటుంది. దిగేది ఒక జిప్ ఫైల్. దానికి పాస్‌వర్డ్ ఉంటుంది, ఆ పాస్‌వర్డ్ ‘1234’ అని పక్కనే రాసి ఉంటుంది. అందరికీ కనపడేలా రాసినప్పుడు పాస్‌వర్డ్ ఎందుకు అని మనం ఆలోచించం. తాళం వేసిన జిప్ లోపలికి యాంటీవైరస్ చూడలేదు, అందుకే వేస్తారు. లోపల ఒక టెక్స్ట్ ఫైల్ ఉంటుంది: ‘ఇన్‌స్టాల్ చేసే ముందు యాంటీవైరస్ ఆపండి, అది తప్పుగా పట్టుకుంటుంది.’ పిల్లలు ఆపేస్తారు. డబుల్ క్లిక్ చేస్తారు. ఏమీ తెరుచుకోదు, లేదా నిజంగానే సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటుంది. ఈ లోపు వెనక ఒక చిన్న ప్రోగ్రామ్ బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లన్నీ, లాగిన్ అయి ఉన్న సైట్ల కుకీలన్నీ (మీరు లాగిన్ అయ్యారని సైట్ గుర్తుపట్టడానికి బ్రౌజర్‌లో ఉంచే చిన్న ఫైళ్ళు) మూటగట్టి పంపేస్తుంది. వీటిని ఇన్ఫోస్టీలర్లు అంటారు. 2025 మేలో మైక్రోసాఫ్ట్, కొన్ని దేశాల పోలీసులు కలిసి దెబ్బ కొట్టిన లుమ్మా ఈ రకానిదే. కుకీ దొరికితే దొంగకు పాస్‌వర్డ్ అక్కర్లేదు, ఓటీపీ కూడా అక్కర్లేదు, ఎందుకంటే సైట్ దృష్టిలో మీరు ముందే లాగిన్ అయి ఉన్నారు. మర్నాడు ఇన్‌స్టాగ్రామ్ పోతుంది, జీమెయిల్ పోతుంది. ఇదంతా జరిగాక యాంటీవైరస్ స్కాన్ చేసి ‘శుభ్రంగా ఉంది’ అన్నా లాభం లేదు, ఎందుకంటే ఆ ప్రోగ్రామ్ పని ముగించుకుని తనను తాను చెరిపేసుకుని ఉండొచ్చు.

ఇలాంటిది జరిగిందని అనుమానం వస్తే అదే కంప్యూటర్‌లో కూర్చుని పాస్‌వర్డ్‌లు మార్చకండి. ఫోన్ నుంచో, వేరే శుభ్రమైన కంప్యూటర్ నుంచో మార్చండి. ముందు మెయిల్, తర్వాత బ్యాంకు, ఆ తర్వాత మిగతావి. ప్రతి అకౌంట్‌లో ‘అన్ని డివైజ్‌ల నుంచి సైన్ అవుట్’ అనేది నొక్కండి. పాత కుకీలు చెల్లకుండా పోవాలంటే ఈ పని తప్పనిసరి.

దీనికి తోడు ఒక చోటు చూడమంటాను. విండోస్ సెక్యూరిటీలో ‘వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్’, దాని కింద ‘మేనేజ్ సెట్టింగ్స్’, ఆ పేజీ అడుగున ‘ఎక్స్‌క్లూజన్స్’ అని ఉంటుంది. ఏ ఫోల్డర్లను స్కాన్ చెయ్యకూడదో డిఫెండర్‌కు చెప్పే జాబితా అది. మామూలు ఇంట్లో ఆ జాబితా ఖాళీగా ఉండాలి. షాపులో ఫార్మాట్ చేయించుకుని వచ్చిన కంప్యూటర్లలో చాలాసార్లు అందులో డౌన్‌లోడ్స్ ఫోల్డర్ కనిపిస్తుంది, ఒక్కోసారి సి డ్రైవ్ మొత్తం కనిపిస్తుంది. దొంగ యాక్టివేటర్ వేసేటప్పుడు అడ్డు రాకుండా పెట్టి, అలాగే వదిలేస్తారు. పైన పచ్చ టిక్కు నిక్షేపంగా ఉంటుంది, లోపల కాపలా ఉండదు. అలాంటి కంప్యూటర్‌కు మూడేళ్ళ ప్యాక్ కాదు, ముప్పై ఏళ్ళ ప్యాక్ వేసినా అర్థం లేదు. ముందు అసలైన విండోస్ పెట్టుకోవాలి. మీ ల్యాప్‌టాప్ కొన్నప్పుడు విండోస్‌తోనే వచ్చి ఉంటే ఆ లైసెన్స్ మదర్‌బోర్డులోనే ఉంటుంది. ఎన్నిసార్లు ఫార్మాట్ చేసినా అదే ఎడిషన్ పెడితే నెట్‌కు కనెక్ట్ కాగానే తనంతట తనే యాక్టివేట్ అవుతుంది. ఆ పనికి షాపులో డబ్బు అడిగితే ఇవ్వక్కర్లేదు.

రెండో దారి 2024 నుంచి బాగా పెరిగింది. ఏదో సైట్ తెరుస్తారు. ‘మీరు మనిషేనని నిరూపించుకోండి’ అని, మనకు అలవాటైన క్యాప్చా లాంటి పెట్టె వస్తుంది. నొక్కితే మూడు మెట్లు చెబుతుంది: విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కండి, తర్వాత కంట్రోల్, వి నొక్కండి, ఎంటర్ కొట్టండి. మీరు పెట్టె నొక్కిన క్షణంలోనే ఆ పేజీ ఒక ఆదేశాన్ని మీ క్లిప్‌బోర్డులోకి కాపీ చేసి పెట్టింది. మొదటి మెట్టుతో రన్ పెట్టె తెరుచుకుంది, రెండోదానితో ఆ ఆదేశం అందులో పడింది, ఎంటర్‌తో మీ చేతులతోనే దాన్ని నడిపించారు. మీరే నడిపారు కాబట్టి యాంటీవైరస్ ఒక్కోసారి పట్టుకోలేదు. ఏ నిజమైన క్యాప్చా కూడా విండోస్ కీ నొక్కమనదు. ఈ ఒక్క వాక్యం నాన్నగారికి రాసి ఇవ్వండి.

మూడోది పెన్ డ్రైవ్. హాల్ టికెట్ ప్రింట్ కోసం, ఆధార్ జిరాక్స్ కోసం పెన్ డ్రైవ్ తీసుకెళ్ళి వస్తాం. ఇంట్లో పెడితే లోపల ఫోల్డర్లన్నిటికీ మూలన చిన్న బాణం గుర్తు, అన్నీ ఒకే కేబీ సైజు. అసలు ఫోల్డర్లను దాచేసి, వాటి పేర్లతో షార్ట్‌కట్లు పెట్టిందన్నమాట. ఆ షార్ట్‌కట్ నొక్కితే ఫోల్డరూ తెరుచుకుంటుంది, వైరసూ నడుస్తుంది, అందుకే ఎవరికీ తెలియదు. వీటిలో పాతవాటిని డిఫెండర్ తేలిగ్గానే పడుతుంది. ఫైళ్ళు పోలేదు, దాగి ఉన్నాయంతే. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ మెనూలోకి వెళ్ళి ‘హిడెన్ ఐటమ్స్’ ఆన్ చేస్తే చాలాసార్లు కనిపిస్తాయి. కనిపించకపోతే ఫోల్డర్ ఆప్షన్స్‌లో ‘ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్’ దాచే టిక్కును కాసేపు తీసి చూడండి. కంగారులో పెన్ డ్రైవ్ ఫార్మాట్ చేసెయ్యకండి. ప్రింట్ పనికైతే పెన్ డ్రైవ్ మానేసి షాపు మెయిల్‌కు పీడీఎఫ్ పంపడం మేలు.

వ్యూ మెనూలో ఉన్నప్పుడే ‘ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్’ కూడా ఆన్ చెయ్యండి. విండోస్ దాన్ని మామూలుగా దాచి ఉంచుతుంది. దాచినంతకాలం ‘బిల్లు.పీడీఎఫ్.ఈఎక్స్‌ఈ’ అనే ప్రోగ్రామ్ మీకు ‘బిల్లు.పీడీఎఫ్’ అనే కనిపిస్తుంది.

స్క్రీన్ మూలన ‘మీ కంప్యూటర్‌లో 5 వైరస్‌లు ఉన్నాయి, సబ్‌స్క్రిప్షన్ వెంటనే రెన్యూ చెయ్యండి’ అని పేరున్న కంపెనీ లోగోతో వస్తుంటే టెన్షన్ పడకండి, చాలాసార్లు అది వైరస్ కాదు. ఎప్పుడో ఏదో సైట్‌లో నోటిఫికేషన్లకు ‘అలౌ’ నొక్కారు, అంతే. బ్రౌజర్ సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్ల జాబితా తెరిచి తెలియని సైట్లన్నిటినీ తీసెయ్యండి. ఈ ఒక్క పనికి ఫార్మాట్ చేసి డబ్బు తీసుకునేవాళ్ళున్నారు.

ఇప్పుడు డిఫెండర్‌లో మార్చాల్సినవి. ‘ట్యాంపర్ ప్రొటెక్షన్’ ఆన్‌లో ఉందో లేదో చూడండి, ఏదైనా ప్రోగ్రామ్ చాటుగా డిఫెండర్‌ను ఆపకుండా అది అడ్డుకుంటుంది. ‘క్లౌడ్ డెలివర్డ్ ప్రొటెక్షన్’ ఆన్‌లో ఉండాలి. ‘యాప్ అండ్ బ్రౌజర్ కంట్రోల్’ లోపల ‘పొటెన్షియల్లీ అన్‌వాంటెడ్ యాప్ బ్లాకింగ్’ అని ఒకటుంది, అది ఆన్ చేస్తే టూల్‌బార్లు, బూటకపు క్లీనర్లు ఆగుతాయి. రాన్సమ్‌వేర్ అంటే మన ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్. ‘రాన్సమ్‌వేర్ ప్రొటెక్షన్’లో ‘కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్’ ఉంటుంది. దాన్ని ఆన్ చేస్తే డాక్యుమెంట్స్, పిక్చర్స్ లాంటి ఫోల్డర్లను తెలియని ప్రోగ్రాములు మార్చలేవు. మీ తమ్ముడి గేమ్ ఏదైనా సేవ్ కావడం లేదని గోల చెయ్యొచ్చు. అప్పుడు ఆ ఒక్క గేమ్‌ను అనుమతించండి, మొత్తం ఆపెయ్యకండి.

వీటన్నిటికంటే ఎక్కువ పనిచేసేది ఇంకొకటి ఉంది, మన ఇళ్ళలో దాన్ని చేసేవాళ్ళు తక్కువ. నాన్నగారికి ఒక అకౌంట్, తమ్ముడికి ఒక అకౌంట్ విడిగా పెట్టండి. ఇద్దరివీ ‘స్టాండర్డ్’ అకౌంట్లుగా ఉండాలి. అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ మీ దగ్గరే ఉంచుకోండి. అప్పుడు విండోస్‌లో వేళ్ళూనుకోవాలని చూసే ప్రోగ్రామ్ ఏదైనా ముందు మీ పాస్‌వర్డ్ అడగాల్సి వస్తుంది. తమ్ముడి అకౌంట్‌లో ఏదైనా పొరపాటు జరిగినా నాన్నగారి అకౌంట్‌లోని బ్యాంకు లాగిన్ల దాకా పోవడం కష్టమవుతుంది.

అంతా సెట్ చేశాక పనిచేస్తోందో లేదో పరీక్షించుకోవచ్చు, దానికి నిజమైన వైరస్ అక్కర్లేదు. యూరప్‌లోని ఐకార్ అనే సంస్థ యాంటీవైరస్ కంపెనీలతో ఒప్పందం చేసుకుని తయారుచేసిన పరీక్ష ఫైల్ ఒకటుంది. మొత్తం 68 అక్షరాలు, ఎవరికీ ఏ హానీ చెయ్యదు. దాన్ని చూసిన ప్రతి యాంటీవైరస్ వైరస్ అన్నట్టే పట్టుకోవాలని ఒప్పందం. ఐకార్ సైట్ నుంచి డౌన్‌లోడ్ చెయ్యబోండి. డిఫెండర్ మధ్యలోనే లాక్కుని హెచ్చరిక ఇవ్వాలి. నోరెత్తకుండా డౌన్‌లోడ్స్‌లో పడిందంటే, పైన చెప్పిన ఎక్స్‌క్లూజన్స్ జాబితా మళ్ళీ చూడండి.

డబ్బు పెట్టి కొనడం ఎవరికి తగినది? పిల్లల స్క్రీన్ టైమ్, సైట్ల మీద నియంత్రణ అన్నీ ఒకే చోట కావాలనుకునేవాళ్ళకు, నాలుగైదు కంప్యూటర్లు, ఫోన్లు కలిపి చూసుకోవాల్సినవాళ్ళకు, ఇందాక చెప్పినట్టు నెట్ లేకుండా పెన్ డ్రైవ్‌లతో నడిచే చోట్లకు, ఏ సమస్య వచ్చినా ఫోన్ చేస్తే ఒక మనిషి మాట్లాడాలి అనుకునే పెద్దవాళ్ళకు. ఇవేవీ కాకపోతే అక్కర్లేదు.

కంపెనీల గురించి నా అభిప్రాయం చెప్తాను. యాంటీవైరస్ అనేది కంప్యూటర్ లోలోపలి పొరదాకా హక్కులున్న ప్రోగ్రామ్. మీరు తెరిచే ప్రతి ఫైల్ దానికి కనిపిస్తుంది. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే కంపెనీ పంపిన ఒక్క తప్పు అప్‌డేట్‌తో ప్రపంచమంతా దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెరతో ఆగిపోయాయి. ఆ రోజు మన హైదరాబాద్ విమానాశ్రయంలో చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. అది పెద్ద సంస్థలు వాడే సాఫ్ట్‌వేర్, ఇళ్ళలో ఉండదు, కానీ అంత లోపల కూర్చునే ప్రోగ్రామ్ ఏం చెయ్యగలదో అందరికీ కళ్ళకు కట్టింది. అందుకే మార్కులతో పాటు కంపెనీ నడవడిక కూడా చూడాలంటాను. అవాస్ట్ తన అనుబంధ సంస్థ జంప్‌షాట్ ద్వారా వాడకందార్ల బ్రౌజింగ్ వివరాలు అమ్మింది. అది బయటపడ్డాక 2020లో జంప్‌షాట్‌ను మూసేశారు. 2024లో అమెరికాలో వినియోగదారుల హక్కులు చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ 1.65 కోట్ల డాలర్లు కట్టమంది. ఇంకో సంగతి, నార్టన్, అవాస్ట్, ఏవీజీ, అవీరా ఇప్పుడు జెన్ డిజిటల్ అనే ఒకే కంపెనీ కింద ఉన్నాయి. నాలుగింటినీ పోల్చి చూసి తల పగలగొట్టుకోవాల్సిన పని లేదు.

కాస్పర్‌స్కీ పరీక్షల్లో ఎప్పుడూ ముందు వరసలోనే ఉంటుంది. రష్యా కంపెనీ కావడంతో అమెరికా 2024 జూన్‌లో నిషేధం ప్రకటించింది, జూలై 20 నుంచి కొత్త అమ్మకాలు, సెప్టెంబర్ 29 నుంచి అప్‌డేట్లు ఆపించింది. అమెరికాలో ఉన్న పిల్లల ల్యాప్‌టాప్ కోసం ఇక్కడ ప్యాక్ కొని పంపే తల్లిదండ్రులు ఇది గుర్తు పెట్టుకోవాలి. రొమేనియాకు చెందిన బిట్‌డిఫెండర్, స్లొవాకియాకు చెందిన ఈసెట్ రెండూ మంచివే. ర్యామ్ తక్కువున్న కంప్యూటర్‌కు నన్నడిగితే ఈసెట్ అంటాను. బిట్‌డిఫెండర్‌తో వచ్చే వీపీఎన్ (మన నెట్ వాడకాన్ని దాచి పంపే సదుపాయం) రోజుకు 200 ఎంబీయే ఇస్తుంది, దాని కోసం ఎక్కువ ధర ప్యాక్‌కు పోకండి. మన దేశపువి రెండు ముఖ్యమైనవి: చెన్నైలో 1991లో మొదలైన కే7, పుణేలో కాలిక్యులేటర్లు బాగుచేసే చిన్న షాపుతో మొదలుపెట్టి కైలాష్ కాట్కర్ నిలబెట్టిన క్విక్ హీల్. పెన్ డ్రైవ్‌లతో తిరిగే మన దేశపు వైరస్‌ల సంగతి వీళ్ళకు బాగా తెలుసు, చిన్న ఊళ్ళో కూడా డబ్బా దొరుకుతుంది. డీటీపీ సెంటర్‌వాళ్ళు అడిగితే నేను ముందు వీటినే చూడమంటాను.

ఏది కొన్నా ‘టోటల్’, ‘అల్టిమేట్’ అన్న పేర్లకు ఎక్కువ పెట్టకండి. రిజిస్ట్రీ క్లీనర్, ట్యూనప్ లాంటివాటితో రక్షణ పెరగదు. మొదటి ఏడాది ధర చూసి మురిసిపోకుండా రెండో ఏడాది ధర ఎంతో అడగండి. కార్డు ఇచ్చి కొంటే ఆటో రెన్యువల్ ఆన్‌లో ఉంటుంది, కొన్న రోజే ఆపెయ్యండి. రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం అలా డబ్బు కట్ అయ్యే 24 గంటల ముందు మీకు సమాచారం రావాలి, ఆ మెసేజ్‌ను చూడకుండా తోసెయ్యకండి.

హార్డ్ డిస్క్ ఎందుకు కొనమన్నానో ఇప్పుడు చెప్తాను. స్టాప్ లేదా డీజేవీయూ అనే రాన్సమ్‌వేర్ ఇళ్ళ మీదే ఎక్కువ పడింది, అదీ క్రాక్ సాఫ్ట్‌వేర్ వెంటే వచ్చింది. ఒక పొద్దున్న చూస్తే ప్రతి ఫొటో పేరు చివర నాలుగు కొత్త అక్షరాలు చేరి ఉంటాయి, ఏదీ తెరుచుకోదు. ప్రతి ఫోల్డర్‌లో ‘రీడ్‌మీ’ అని ఒక టెక్స్ట్ ఫైల్, 980 డాలర్లు కట్టు, 72 గంటల్లో అయితే 490 అని. అప్పుడు ఎంత మంచి యాంటీవైరస్ తెచ్చినా వైరస్‌ను తీసేస్తుందే తప్ప ఫొటోలకు వేసిన తాళం తియ్యలేదు. 2016లో డచ్ పోలీసులు, యూరోపోల్ కలిసి మొదలుపెట్టిన ‘నో మోర్ రాన్సమ్’ సైట్‌లో కొన్ని రకాలకు ఉచిత తాళంచెవులున్నాయి, అన్నిటికీ లేవు. పెళ్ళి ఫొటోలు, పోయినవాళ్ళ వీడియోలు అలా పోగొట్టుకున్నవాళ్ళ ముందు కూర్చుని ‘రావండీ’ అని చెప్పడం నా పనిలో నాకు అన్నిటికంటే బాధ కలిగించేది. నెలకోసారి డిస్క్ తగిలించి కాపీ చెయ్యండి, అవగానే వైరు పీకి బీరువాలో పెట్టండి. తగిలించే ఉంచితే రాన్సమ్‌వేర్ దాన్ని కూడా తాళం వేస్తుంది.

నాన్నగారి విషయంలో ఒక మాట. ఏ ప్యాక్ కొన్నా ఆపలేనిది ఫోన్ కాల్. బ్యాంకు నుంచనో, మైక్రోసాఫ్ట్ నుంచనో చెప్పి ఎనీడెస్క్ లాంటి, దూరం నుంచి మన స్క్రీన్ చూసి కంప్యూటర్ నడిపే ప్రోగ్రామ్ పెట్టమంటారు. అది దొంగ ప్రోగ్రామ్ కాదు కాబట్టి యాంటీవైరస్ మామూలుగా ఊరుకుంటుంది. స్క్రీన్ చూపించమని ఎవరడిగినా ఫోన్ పెట్టేసి మీకు చెయ్యమనండి. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలి. ఎంత త్వరగా చేస్తే డబ్బు చేతులు మారక ముందు ఆపించే అవకాశం అంత ఎక్కువ.

ఇక డెస్క్‌టాప్. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. ‘మంచి యాంటీవైరస్ వేస్తే నడుస్తుంది’ అని షాపతను చెప్పొచ్చు. 2017లో వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ ఎలా పాకిందో చూస్తే అది ఎందుకు చాలదో అర్థమవుతుంది. అది వాడుకున్న విండోస్ లోపానికి మార్చి 14నే మైక్రోసాఫ్ట్ ప్యాచ్, అంటే దాన్ని సరిచేసే అప్‌డేట్, ఇచ్చింది. మే 12న దాడి మొదలైంది. ఆ రెండు నెలల్లో ప్యాచ్ వేసుకోని కంప్యూటర్లకు ఎవరూ ఏ ఫైలూ నొక్కకుండానే నెట్‌వర్క్ గుండా అంటుకుంది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా అప్పుడు దెబ్బతిన్నాయి. విండోస్ గోడలోనే కన్నం ఉంటే, దాన్ని పూడ్చే పని యాంటీవైరస్‌ది కాదు.

ఈ డెస్క్‌టాప్‌కు మూడు దారులు. ఒకటి, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సైన్ ఇన్ అయి విండోస్ అప్‌డేట్ పేజీలో అదనపు భద్రతా అప్‌డేట్లకు నమోదు చేసుకోవడం. సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే డబ్బు కట్టకుండానే కుదురుతుంది, కానీ అది 2026 అక్టోబర్ 13 వరకే. రెండు, విండోస్ 11కు మారడం. దానికి కంప్యూటర్‌లో టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ఇంటెల్ అయితే సుమారుగా 8వ తరం ప్రాసెసర్ లేదా ఆపైది కావాలి. మూడు, విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకోవడం. బ్రౌజర్, ఫొటోలు, వీడియోలు, యూనికోడ్ తెలుగు టైపింగ్ అన్నీ బాగానే నడుస్తాయి, అను ఫాంట్లతో చేసే పేజ్‌మేకర్ పని మాత్రం కుదరదు. మూడింటిలో ఏది చేసినా ముందు ఫొటోలన్నీ కొత్త హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసి, నాలుగైదు తెరిచి చూసుకున్నాకే చెయ్యి పెట్టండి. ‘దిస్ పీసీ’ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరిస్తే ప్రాసెసర్ పేరు, ర్యామ్ ఎంతో కనిపిస్తాయి. ఆ రెండూ రాయండి, మీ డెస్క్‌టాప్‌కు ఏ దారి కుదురుతుందో చెప్తాను.